ఒకే సంఖ్య, రెండు ఖండాలు: 19వ శతాబ్దపు అమెరికాలో ఉత్తరాలూ నమూనాలూ చేతులు మారిన తీరు

ప్రశ్న అడిగిన మిత్రులు రెండు ఎండుమొక్కల షీట్ల గురించి రాశారు. ఒకటి అమెరికాలోని ఒక హెర్బేరియంలోనిది, అంటే ఎండుమొక్కల సంగ్రహశాలలోనిది, రెండోది ఇంగ్లండులోనిది. రెండింటి మీదా చార్లెస్ రైట్ అనే సేకర్త పేరు, టెక్సస్, 1849 అన్న చీటీ, ఒకే సంఖ్య ఉన్నాయట. ఒకే మొక్క రెండు ఖండాలకు ఎలా చేరింది, దారి ఖర్చు ఎవరు పెట్టుకున్నారు, ఒకరి ముఖం ఒకరు చూడని మనుషులు ఏ నమ్మకంతో పెట్టెలకు పెట్టెలు పంపుకున్నారు, ఎండలో తిరిగి ఏరినవాడికి చివరకు ఏం మిగిలింది అన్నవి వారి సందేహాలు. ముప్పై ఏళ్ళకు పైగా ఇలాంటి షీట్ల మధ్యనే ఉద్యోగం చేసి, చీటీలు చదవడమే సగం పనిగా గడిపినవాడిని కనుక కొంచెం వివరంగానే రాస్తాను.

ఆ వ్యవహారంలో అన్నిటికన్నా బాగా చెల్లిన నాణెం డబ్బు కాదు. ఒకటి, ఒకరి దగ్గర మిగిలిన అదనపు నమూనా, అంటే డూప్లికేటు. రెండోది, ఆ నమూనాకు పెట్టగలిగిన సరైన పేరు. మొదటిది అడవుల్లోనూ సరిహద్దు కోటల్లోనూ ఉండేవారి దగ్గర దండిగా దొరికేది. రెండోది గ్రంథాలయమూ పాత సంగ్రహాలూ ఉన్న నగరవాసుల దగ్గర దొరికేది. ఈ రెంటి మధ్యా నడిచిన బేరాన్ని మోసినది ఉత్తరం. ఇది పట్టుకుంటే మిగతా సంగతులన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

డూప్లికేటు అంటే నకలు కాదు. సేకర్త ఒక చోట, ఒక రోజున, ఒకే మొక్క నుంచో పక్కపక్కనే ఉన్న మొక్కల నుంచో పది కొమ్మలు కోసి ఆరబెడతాడు. ఆ పదీ సమానమే. ఒకటి తాను ఉంచుకుని తొమ్మిది పంచిపెడతాడు. పేరు తెలియని మొక్కను గుర్తించాలంటే దాని చుట్టాలను పక్కన పెట్టి చూడాలి. ఆ చుట్టాలు మరో రాష్ట్రంలోనో మరో దేశంలోనో ఉంటాయి. మసాచుసెట్స్ మొక్కలు మాత్రమే ఉన్న పండితుడు టెక్సస్ మొక్కను ఎదుట పెట్టినా ఏమీ తేల్చలేడు. అందుచేత తన దగ్గర మిగిలినది ఇచ్చి, లేనిది తెచ్చుకోవడం మర్యాద కోసం చేసే పని కాదు, అది లేకపోతే పని ముందుకు సాగదు. ఇక్కడ మన సామెత ఒకటి సరిగ్గా అతుకుతుంది. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు, ప్రతి ఊరి సేకర్తకూ తన ఊరి గడ్డి విలువలేనిదిగానే కనిపించేది. నగరంలోని పెద్దలు ఉత్తరం తర్వాత ఉత్తరం రాసి, మామూలు జాతులనే ఎక్కువగా పంపమని బతిమాలుకోవలసి వచ్చేది.

ఇక రైట్ సంగతి. కనెక్టికట్‌లో పుట్టి, టెక్సస్‌లో బడిపంతులుగానూ భూమి కొలిచేవాడిగానూ బతికిన ఈయన 1844 నుంచి హార్వర్డ్‌లోని సస్యశాస్త్రజ్ఞుడు ఏసా గ్రేకు మొక్కలు పంపుతూ వచ్చాడు. 1849లో శాన్ ఆంటోనియో నుంచి ఎల్ పాసో దాకా సైన్యపు బండ్లు వెళ్తుంటే, గ్రే చేసిన ఏర్పాటుతో వాటి వెంట వెళ్ళడానికి అనుమతి దొరికింది. మోత బండిలో, మనిషి కాలినడకన. దారి పొడవునా తగాదా దేని గురించో ఊహించగలరా? కాగితం గురించి. మొక్కను ఆరబెట్టడానికి పీల్చుకునే కాగితం కట్టలు కట్టలుగా కావాలి, రోజూ మార్చాలి, తడిసిన కాగితాన్ని మళ్ళీ ఎండబెట్టాలి. సైనికులకు అది పనికిమాలిన బరువు. సేకర్తకు అదే ప్రాణం. ఎన్ని మొక్కలు కోయగలమన్నది కళ్ళ చురుకుదనం మీద కన్నా బండిలో దొరికే చోటు మీద ఎక్కువగా ఆధారపడేది.

ఆ పెట్టెలు మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్ చేరాక గ్రే వాటిని విప్పి, కుటుంబాల వరుసలో సర్ది, జాతికొక సంఖ్య వేసి, సెట్లుగా విడదీశాడు. ఒక సెట్టు తనకు, ఒకటి ఇంగ్లండులోని క్యూ ఉద్యానవనానికి, మిగిలినవి చందా కట్టినవారికీ మారకం నడిచే ఇతర సంగ్రహాలకూ వెళ్ళాయి. మీరు చూసిన రెండు షీట్లూ ఆ పంపకంలోనివే. గ్రే రాసిన వర్ణన రెండు భాగాలుగా 1852, 1853లలో వాషింగ్టన్‌లోని పరిశోధన సంస్థ స్మిత్సోనియన్ ద్వారా అచ్చయింది. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. షీటు మీది అచ్చు సంఖ్య రైట్ అడవిలో వేసుకున్న సంఖ్య కాదు, గ్రే బల్ల మీద వేసిన పంపిణీ సంఖ్య. వేరువేరు రోజుల్లో, వేరువేరు చోట్ల కోసినవి ఒకే జాతి అని గ్రే అనుకుంటే వాటన్నిటికీ ఒకే సంఖ్య పడేది. కాబట్టి ఒకే సంఖ్య ఉంది కనుక రెండు షీట్లూ ఒకే పొద నుంచి వచ్చాయని తీర్మానించకండి. రైట్ తర్వాత క్యూబాలో చేసిన సేకరణల సంఖ్యలతో ఈ చిక్కు మరీ ఎక్కువ. ఇది తెలియక తప్పు ప్రదేశాన్ని అచ్చులోకి ఎక్కించినవారిలో, చిన్న వయసులో, నేనూ ఒకడిని.

ఖర్చు ఎవరిది అన్న ప్రశ్నకు అన్నిటికన్నా స్పష్టమైన జవాబు సెయింట్ లూయిస్‌లో ఉంది. జార్జ్ ఎంగెల్‌మాన్ 1809లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టి, 1830లలో అమెరికా వచ్చి, సెయింట్ లూయిస్‌లో వైద్యం చేసుకుంటూ మొక్కల మీద పని చేసినవాడు. రోగులను చూడగా మిగిలిన వేళల్లో ఆయన కాక్టస్‌ల మీదా ద్రాక్షతీగల మీదా చేసిన పని ఇప్పటికీ చెల్లుతుంది. కానీ ఇక్కడ మనకు కావలసింది ఆయన నడిపిన వ్యాపారం లాంటిది. 1843లో ఆయనా గ్రే కలిసి, టెక్సస్‌లో స్థిరపడిన మరో జర్మన్, ఫెర్డినాండ్ లిండ్‌హైమర్‌తో ఒక ఒప్పందం కుదుర్చుకున్నారు. లిండ్‌హైమర్ మొక్కలు సేకరించి సెయింట్ లూయిస్‌కు పంపాలి. ఎంగెల్‌మాన్, గ్రే వాటికి పేర్లు పెట్టి, నూరేసి మొక్కలకు ఇంత అన్న ధరకు ఐరోపాలోనూ అమెరికాలోనూ చందాదారులకు అందించాలి. వచ్చిన డబ్బు లిండ్‌హైమర్‌కు చేరాలి. ఆ మనిషి ఒక చిన్న బండి, ఒక గుర్రం, కాగితం, పిండి, కాఫీ, తుపాకీ వేసుకుని నెలల తరబడి ఒంటరిగా తిరిగాడు. 1852లో న్యూ బ్రౌన్‌ఫెల్స్‌లో జర్మన్ పత్రికకు సంపాదకుడయ్యాడు కానీ మొక్కల వల్ల ధనవంతుడు కాలేదు. ఈ పద్ధతిలో చందాదారులు ముందు కొనాలనుకున్నది కొత్త జాతులనే. మొక్క కొత్తదా పాతదా అని చెప్పగలిగింది మాత్రం పెట్టె విప్పినవాళ్ళు. అంటే సేకర్త చెమటకు విలువ కట్టే అధికారం మరొకరి చేతిలో ఉండేది.

ఆగస్టస్ ఫెండ్లర్ కథ చదివితే ఈ వృత్తిలోని నష్టభయం తెలుస్తుంది. ఎంగెల్‌మాన్, గ్రే ప్రోత్సాహంతో ఆయన 1846లో మెక్సికో యుద్ధ సైన్యం వెనకాల సాంతా ఫే వెళ్ళి, 1847 దాకా అక్కడ సేకరించాడు. అవి చాలా మంచి నమూనాలని పేరు వచ్చింది. 1849లో గ్రేట్ సాల్ట్ లేక్ వైపు మళ్ళీ బయలుదేరితే, దారిలో లిటిల్ బ్లూ నది వరదలో ఆరబెట్టే కాగితమంతా పోయింది. కాగితం లేకపోతే చేసేదేమీ లేదు. వెనుదిరిగి వచ్చేసరికి, అదే ఏడు మే నెలలో సెయింట్ లూయిస్‌ను కాల్చిన పెద్ద అగ్నిప్రమాదంలో అక్కడ దాచుకున్నవన్నీ బూడిదయ్యాయి. ఈ సేకరణలకు బీమా లేదు, జీతం లేదు.

ఇక తపాలా. 1845కు ముందు నాలుగు వందల మైళ్ళు దాటిన ఒంటి కాగితపు ఉత్తరానికి 25 సెంట్లు, రెండు కాగితాలైతే దానికి రెట్టింపు. ఎక్కువసార్లు ఆ డబ్బు ఉత్తరం అందుకున్నవాడే కట్టాలి. కూలివాడి రోజు సంపాదన డాలరు కూడా దాటని కాలమది. ఆ కాలపు ఉత్తరాల్లో అక్షరాలు చీమల బారులా ఉండడానికీ, ఒకసారి అడ్డంగా రాసిన కాగితం మీదే మళ్ళీ నిలువుగా రాయడానికీ కారణం ఈ ధరే. 1845 చట్టం అర ఔన్సు బరువుకు మూడు వందల మైళ్ళ లోపు 5 సెంట్లు, ఆపైన 10 సెంట్లు చేసింది. 1851లో ముందుగా చెల్లిస్తే మూడు వేల మైళ్ళ దాకా 3 సెంట్లకు దిగింది. కాగితాలను లెక్కపెట్టడం మాని బరువు చూడడం మొదలయ్యాక, ఉత్తరంలో నాలుగు విత్తనాలో, నాచు తునకో, పురుగు రెక్కో మడిచి పెట్టడం తేలికైంది. నా దృష్టిలో అమెరికన్ సస్యశాస్త్రానికి ఆ రెండు తపాలా చట్టాలు చేసిన మేలు ఏ విశ్వవిద్యాలయమూ చేయలేదు. పెద్ద పెట్టెల దారి వేరు. అవి నదుల మీద ఆవిరి పడవల్లో, తీరం వెంబడి ఓడల్లో, తర్వాత రైళ్ళలో వెళ్ళేవి. ఉత్తరం ముందు చేరి, పెట్టె ఏ ఓడలో వస్తోందో చెప్పేది. పెట్టె రాకపోతే, వెదకడానికి ఆ ఉత్తరమే ఆధారం.

జంతువుల విషయానికి వస్తే ఈ వల మధ్యలో కూర్చున్నది స్పెన్సర్ ఫుల్లర్టన్ బెయిర్డ్. 1823లో పెన్సిల్వేనియాలోని రెడింగ్‌లో పుట్టాడు. 1840లో, పదిహేడేళ్ళ వయసులో, తనకు గుర్తు దొరకని ఒక పక్షి గురించి ప్రసిద్ధ పక్షి చిత్రకారుడు ఆడుబాన్‌కు ఉత్తరం రాశాడు. పెద్దాయన జవాబిచ్చాడు. స్నేహం కుదిరింది. 1844లో ఆడుబాన్ ఒక పిచ్చుకకు బెయిర్డ్ పేరు పెట్టాడు. కార్లైల్‌లోని డికిన్సన్ కాలేజీలో పాఠాలు చెబుతూనే ఊరూరా మారకం నడిపి, 1850లో స్మిత్సోనియన్‌లో సహాయ కార్యదర్శి ఉద్యోగానికి వెళ్ళేటప్పుడు సొంత సంగ్రహాన్ని రెండు రైలు పెట్టెల నిండా నింపుకుని వెళ్ళాడు. ఆయన పై అధికారి జోసెఫ్ హెన్రీకి మ్యూజియం అంటే ఇష్టం లేదు, పరిశోధనకు ఉండవలసిన డబ్బు అద్దాల బీరువాలకు పోతుందని భయం. బెయిర్డ్ వాదించలేదు, ఉత్తరాలు రాశాడు. ఏటా వేల సంఖ్యలో రాశాడు. 1878లో హెన్రీ మరణించాక తానే కార్యదర్శి అయ్యాడు.

ఆయనకు ఉత్తరం రాసినవారిలో పిల్లలు కూడా ఉన్నారు. 1864లో ఇల్లినాయ్‌లోని మౌంట్ కార్మెల్ నుంచి రాబర్ట్ రిడ్జ్‌వే అనే పద్నాలుగేళ్ళ కుర్రవాడు, తాను చూసిన పక్షిని రంగుల్లో బొమ్మ వేసి, పేరు చెప్పమని వాషింగ్టన్‌లోని పేటెంట్ కమిషనర్‌కు పంపాడు. ఎవరికి రాయాలో తెలియక అలా రాశాడు. ఆ ఉత్తరం చేతులు మారి బెయిర్డ్‌కు చేరింది. అది పర్పుల్ ఫించ్ అని బెయిర్డ్ జవాబు రాసి, ఆ పిల్లవాడిని ప్రోత్సహించాడు. మూడేళ్ళకు, 1867లో, క్లారెన్స్ కింగ్ నడిపిన నలభయ్యో అక్షాంశపు సర్వేలో రిడ్జ్‌వే జంతుశాస్త్రజ్ఞుడిగా బయలుదేరాడు. తర్వాత జీవితమంతా స్మిత్సోనియన్ పక్షుల విభాగంలోనే గడిపాడు. నాకు ఈ కథలో నచ్చేది ప్రతిభను గుర్తించడం కాదు. దారి తప్పి వచ్చిన పిల్లవాడి ఉత్తరాన్ని చెత్తబుట్టలో వేయని ఆ ఆఫీసు అలవాటు.

బెయిర్డ్‌కు మరో అనుకూలం పెళ్ళి ద్వారా వచ్చింది. ఆయన మామగారు సిల్వెస్టర్ చర్చిల్ సైన్యంలో ఇన్స్పెక్టర్ జనరల్. సరిహద్దు కోటల్లో పని లేక విసుగెత్తిన సైనిక వైద్యులు, అధికారులు ఎందరో ఆ పరిచయాల వల్ల సేకర్తలయ్యారు. 1853 నుంచి పసిఫిక్ రైలు మార్గం కోసం జరిగిన సర్వేలతోనూ ప్రకృతి శాస్త్రం తెలిసిన వైద్యులను పంపే ఏర్పాటు జరిగింది. వాటి ఫలితంగా బెయిర్డ్ రాసిన క్షీరదాల సంపుటం 1857లో, జాన్ కాసిన్, జార్జ్ లారెన్స్‌లతో కలిసి రాసిన పక్షుల సంపుటం 1858లో వచ్చాయి. ఇలాంటి సేకర్తకు ఆయన ఏమిచ్చేవాడు? తుపాకీ గుండ్లు, దూది, ఆర్సెనిక్, రాగి డబ్బా, పుస్తకాలు, పేర్లు, ఇంకా మెప్పు. జీతం దాదాపు ఎప్పుడూ కాదు.

ఆయన సంస్థ పంచిపెట్టిన సేకరణ సూచనల పుస్తకాన్ని నేను వంటల పుస్తకంలా చదువుతాను. పక్షి చర్మం లోపల ఆర్సెనిక్ పట్టించాలి. పాములనూ చేపలనూ గుడ్డ సంచుల్లో కట్టి చీటీతో సహా ఆల్కహాల్‌లో వేయాలి. ఎక్కడ, ఎప్పుడు దొరికిందో ప్రతిదానికీ రాయాలి. ఒక చోట మాత్రం నవ్వు ఆపుకోలేం. పాములూ కప్పలూ మునిగి ఉన్నా సరే ఆ ఆల్కహాల్ తాగేసే ఘనులు దారిలో ఉంటారు కనుక, వాంతి తెప్పించే టార్టార్ ఎమెటిక్ లాంటిది కొంచెం అందులో కలపమని అచ్చులోనే ఉంది. అనుభవం లేకుండా ఎవరూ అలాంటి వాక్యం రాయరు.

ఈ వల ఎంత దూరం సాగిందో చూడాలంటే ఉత్తర ధ్రువం వైపు వెళ్ళాలి. ఇల్లినాయ్ యువకుడు రాబర్ట్ కెనికాట్ 1859లో, స్మిత్సోనియన్ మద్దతుతో, నేటి కెనడాలో బొచ్చు వ్యాపారం నడిపిన హడ్సన్స్ బే కంపెనీ భూములకు బయలుదేరి, 1862 దాకా అక్కడే ఉన్నాడు. ఆయన సొంత సేకరణ కన్నా గొప్పది, ఆయన అంటించిన జబ్బు. బొచ్చు వ్యాపారం తప్ప మరో లోకం లేని కంపెనీ గుమాస్తాలకు గుడ్ల మీదా చర్మాల మీదా మోజు పుట్టించి వచ్చాడు. వారిలో బెర్నార్డ్ రాస్ పేరు మీద 1861లో కాసిన్ ఒక చిన్న తెల్ల బాతుకు పేరు పెట్టాడు. ఫోర్ట్ ఆండర్సన్‌లోని రోడెరిక్ మాక్‌ఫార్లేన్ వేల నమూనాలు పంపాడు. ఎస్కిమో కర్ల్యూ అనే పక్షి ఇప్పుడు అంతరించిందనే భావిస్తున్నారు. దాని గూళ్ళ గురించి మనకు తెలిసినదంతా దాదాపుగా 1860లలో మాక్‌ఫార్లేన్ పంపిన గుడ్లూ చీటీల నుంచి వచ్చినదే. ఇంకో విచిత్రం ఉంది. 1864లో ఆయన పంపిన ఒక ఎలుగుబంటి చర్మం, పుర్రె వాషింగ్టన్ అరల్లో అర శతాబ్దానికి పైగా పడి ఉండి, 1918లో కొత్త జాతిగా వర్ణనకు నోచుకున్నాయి. ఈ రోజు దాన్ని వేరే జాతిగా లెక్కించరు, అది వేరే సంగతి.

ఆ గుడ్లను మాక్‌ఫార్లేన్ ఒక్కడే ఏరలేదు. అక్కడి ఆదివాసులైన ఇన్యూట్, డెనె ప్రజలు ఏరి తెచ్చారు. పూసలు, పొగాకు లాంటి సరుకు తీసుకుని ఇచ్చారు. ఆ ఎలుగును చంపింది కూడా ఇన్యూట్ వేటగాళ్ళే. చీటీ మీద ఉండేది కోట గుమాస్తా పేరు, అచ్చులో ఉండేది వాషింగ్టన్ పండితుడి పేరు. కెనికాట్ విషయానికి వస్తే, 1866 మేలో అలాస్కాలోని నులాటో దగ్గర ముప్పై ఏళ్ళకే కన్నుమూశాడు.

ప్రతిఫలం మెప్పే అయినప్పుడు మెప్పు కోసం అతిగా పోయేవాళ్ళూ ఉంటారు. హంగేరీ నుంచి వచ్చిన యానోష్ షాంటుష్, అమెరికన్ల నోట జాన్ జాంటస్, మారుపేరుతో సైన్యంలో సిపాయిగా చేరి, కాన్సాస్‌లోని ఫోర్ట్ రైలీలో వైద్యుడు విలియం హమ్మండ్ కంట పడ్డాడు. పక్షి చర్మం తీయడం అక్కడే నేర్చాడు. బెయిర్డ్ అతన్ని కాలిఫోర్నియాలోని ఫోర్ట్ టెహోన్‌కు మార్పించి, ఆ తర్వాత 1859లో సముద్రపు ఆటుపోట్లు కొలిచే ఉద్యోగం ఇప్పించి, బాహా కాలిఫోర్నియా కొనకు, కాబో శాన్ లూకాస్‌కు పంపాడు. అక్కడి నుంచి 1861 దాకా నమూనాలూ ఫిర్యాదులూ సమానంగా వచ్చాయి. ఒక హమ్మింగ్ బర్డ్‌కూ, ఒక బల్లి ప్రజాతికీ అతని పేరు దక్కింది. అతను మాత్రం ఒక చిన్న పక్షికి హమ్మండ్ పేరు పెట్టి బాకీ తీర్చుకున్నాడు. స్వదేశంలో అచ్చు వేసుకున్న ప్రయాణ ఉత్తరాల్లో ఇతరుల రచనల నుంచి ఎత్తిన భాగాలూ, జరగని ఘనకార్యాలూ ఉన్నాయని తర్వాత తేలింది. అయినా అతని పక్షి చర్మాలు నిజమైనవే. బడాయి మనిషిది, చర్మం అబద్ధం చెప్పదు.

నమ్మకం గురించి అడిగారు కదా, దానికి జవాబు ఇక్కడే ఉంది. మాటను నమ్మితే ఏమవుతుందో 1818లోనే ఒక పాఠం జరిగింది. కెంటకీలో తన ఇంటికి వచ్చిన రఫినెస్క్ అనే అతి ఉత్సాహి పండితుడిని ఆట పట్టించడానికి, ఆడుబాన్ లేని చేపల బొమ్మలు గీసి చూపించాడు. వాటిలో తుపాకీ గుండు కూడా దిగని పొలుసుల చేప ఒకటి. రఫినెస్క్ వాటిని నిజమనుకుని 1820లో ఒహాయో నది చేపల పుస్తకంలో శాస్త్రీయ నామాలతో అచ్చు వేశాడు. ఆ తరం తర్వాతివాళ్ళు బొమ్మ చూపిస్తే మొదట అడిగింది, నమూనా ఏదని.

మొక్కల లోకంలో, ముఖ్యంగా శిలీంధ్రాల లోకంలో, అమెరికా దాటి వెళ్ళక తప్పేది కాదు. ఉత్తర కరొలైనాలో చర్చి పూజారి మోజెస్ ఆష్లీ కర్టిస్, దక్షిణ కరొలైనాలో తోటల యజమాని హెన్రీ విలియం రావెనెల్ దశాబ్దాల పాటు పుట్టగొడుగులూ బూజులూ మార్చుకున్నారు. కర్టిస్ వాటిని ఇంగ్లండులోని శిలీంధ్ర శాస్త్రజ్ఞుడు మైల్స్ బర్క్‌లీకి పంపితే, ఇద్దరి పేర్లతో వందల కొత్త జాతులు వెలువడ్డాయి. రైట్ క్యూబా శిలీంధ్రాలు కూడా ఆ ఇద్దరి చేతికే వెళ్ళాయి. రావెనెల్ 1852 నుంచి 1860 దాకా నూరేసి ఎండు శిలీంధ్రాలను అట్టల మధ్య అంటించి, సంపుటాలుగా పంచాడు. ఆ తీరిక బానిసల శ్రమ మీద వచ్చిన తీరిక అని చెప్పకుండా ఊరుకోవడం సరికాదు. 1861లో అంతర్యుద్ధం వచ్చి, ఉత్తర దక్షిణాల మధ్య తపాలా ఆగిపోగానే, ఇరవై ఏళ్ళ ఉత్తరాలు ఒక వాక్యం మధ్యలో తెగినట్టు ఆగాయి. యుద్ధం ముగిశాక రావెనెల్ చితికిపోయాడు. ఒకప్పుడు ఊరికే పంచిన నమూనాలనే అమ్ముకోవలసి వచ్చింది. యుద్ధంలో ఏ పక్షమన్నది పక్కన పెట్టి ఉత్తరాది సస్యశాస్త్రజ్ఞులతో మళ్ళీ ఉత్తరాలు మొదలుపెట్టాడు. 1878 నుంచి ఇంగ్లండులోని శిలీంధ్ర శాస్త్రజ్ఞుడు కుక్‌తో కలిసి మరో నమూనాల శ్రేణి వెలువరించాడు.

ఈ వలలో విశ్వవిద్యాలయంలోకి అడుగు పెట్టనివ్వని స్త్రీలకు కూడా చోటు దొరికింది, ఎందుకంటే ఉత్తరానికి తలుపు గడియ ఉండదు. న్యూ జెర్సీలోని వైన్‌ల్యాండ్‌లో మేరీ ట్రీట్ ఇంట్లోనే గాజు పాత్రల్లో కీటకాహారి మొక్కలు పెంచి, అవి పురుగును ఎలా పట్టుకుంటాయో గంటల తరబడి చూసి, గ్రేకూ డార్విన్‌కూ రాసింది. 1875లో అచ్చయిన డార్విన్ కీటకాహారి మొక్కల పుస్తకంలో ఆమె పరిశీలనల ప్రస్తావన ఉంది. భర్తతో విడిపోయాక పత్రికలకు రాసి, నమూనాలు సేకరించి, తన పోషణ తానే చూసుకుంది. ఫ్లోరిడాలో ఆమెకు దొరికిన ఒక తెల్ల లిల్లీకి 1879లో సస్యశాస్త్రజ్ఞుడు సెరెనో వాట్సన్ ఆమె పేరు పెట్టాడు. ఒక చీమకు కూడా ఆమె పేరుంది.

గ్రే, డార్విన్‌ల ఉత్తరాల సంగతి అందరూ చెబుతారు కనుక క్లుప్తంగా ముగిస్తాను. 1855లో అమెరికా పర్వత మొక్కల వివరాలు అడుగుతూ డార్విన్ రాసిన ఉత్తరంతో అది ఊపందుకుంది. 1857 సెప్టెంబర్ 5న గ్రేకు రాసిన ఉత్తరంలో డార్విన్ ప్రకృతి వరణాన్ని క్లుప్తంగా వివరించాడు. 1858 జులై 1న లండన్‌లోని లిన్నియన్ సొసైటీలో చదివిన పత్రాల్లో ఆ ఉత్తరంలోని భాగం ఒకటి. అదే ఆలోచనకు విడిగా చేరిన వాలెస్ కంటే ముందే డార్విన్ ఆలోచన కుదిరిందనడానికి అది సాక్ష్యం. గ్రే వైపు నుంచి కూడా ఒక పెద్ద ఫలం ఉంది. మీరు అడిగిన రైట్, 1853లో బయలుదేరిన ఉత్తర పసిఫిక్ నౌకాయాత్రలో వెళ్ళి, జపాన్ మొక్కలు తెచ్చాడు. వాటిని తూర్పు అమెరికా షీట్ల పక్కన పెట్టి చూస్తే, పశ్చిమ అమెరికా కన్నా జపాన్‌తోనే చుట్టరికం ఎక్కువగా కనిపించింది. 1859లో గ్రే ఆ పోలికను ప్రచురించి, పూర్వం ఒకటిగా వ్యాపించిన మొక్కలు మంచుయుగపు మార్పులతో విడిపోయాయని వాదించాడు. జాతులు ఎక్కడికక్కడ విడిగా సృష్టి అయ్యాయన్న హార్వర్డ్ సహోద్యోగి అగాసీతో బోస్టన్ సభల్లో తలపడ్డాడు. ఆ వాదనకు కావలసిన ఆయుధాలన్నీ అంతకు ముందు ఇరవై ఏళ్ళలో ఎవరెవరో కట్టి పంపిన పొట్లాలే.

మీ షీట్ల దగ్గరికి తిరిగి వస్తాను. స్కాన్ బొమ్మలోనే కాకుండా అసలు షీటును ముట్టుకునే అవకాశం వస్తే చేతి తొడుగులు వేసుకోండి. పాత షీట్లకు పురుగు పట్టకుండా పాదరస లవణం పూసేవారు, పక్షి చర్మాల్లో ఆర్సెనిక్ ఇప్పటికీ ఉంటుంది. అచ్చు చీటీని చివర చదవండి. ముందుగా షీటు మూలల్లో పెన్సిలుతోనో వెలిసిన సిరాతోనో రాసిన చిన్న సంఖ్య గానీ, కాగితపు తునక గానీ ఉందేమో వెదకండి. అది ఉంటే రైట్ తన నోటుపుస్తకంలో వేసుకున్న సంఖ్య అయ్యే అవకాశం ఎక్కువ. రెండు షీట్లలోనూ ఆ చిన్న సంఖ్య కూడా కలిస్తేనే అవి ఒకే రోజు, ఒకే చోట, ఒకే చేత్తో కోసిన కొమ్మలు. కలవకపోతే, వాటిని ఒకే సంఖ్య కింద చేర్చింది టెక్సస్ నేల కాదు, కేంబ్రిడ్జ్‌లో గ్రే బల్ల.